విశాఖ సీమలో అసమ్మత ప్రొటెస్టంట్లు, మత సహన వివాదాలు

రాజ్యం చట్టం ద్వారా గుర్తించి పోషించే చర్చిని అధికారిక చర్చి అంటారు. ఇంగ్లండులో అది ఆంగ్లికన్ చర్చి. దాని ప్రార్థనా గ్రంథాన్నీ బిషప్పుల పెత్తనాన్నీ ఒప్పుకోకుండా బయట నిలబడిన ప్రొటెస్టంట్లను అసమ్మతులు లేదా డిసెంటర్లు అన్నారు. బాప్టిస్టులు, స్వతంత్ర సంఘాలవాళ్ళు, ప్రెస్బిటేరియన్లు, క్వేకర్లు, తర్వాతి కాలంలో బ్రదరన్‌లు ఈ కోవలోకి వస్తారు. తెలుగు నేలమీద ప్రొటెస్టంట్ మతం ముందుగా ఇలాంటివాళ్ళ చేతుల మీదుగానే అడుగుపెట్టింది. ఆ అడుగు పడింది విశాఖపట్నంలో. అందువల్ల ఇంగ్లండులో అధికారిక చర్చికీ అసమ్మతులకూ మధ్య నడిచిన సహన వివాదం ఇక్కడికి వచ్చేసరికి రూపం మార్చుకుంది. ఉత్తరాంధ్రలో ఆంగ్లికన్ చర్చి ఎప్పుడూ కోటలనూ దండు బజార్లనూ దాటి పెద్దగా విస్తరించలేదు. మొదట్లో ఈస్టిండియా కంపెనీతో పేచీలు తప్పలేదు గాని, ఆ తర్వాత సహనం గురించిన వాదమంతా అసమ్మతులకూ అసమ్మతులకూ మధ్యే జరిగింది.

వ్యాసం పరిధి పాత విశాఖపట్నం జిల్లా, దాని ఇరుగుపొరుగు. చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్ళే దారిలో, మాడుగులకు మలుపు తిరిగే చోట ఉన్న వడ్డాదిని మధ్యలో పెట్టుకుంటే ఈ సీమ స్వరూపం తేలిగ్గా పట్టుబడుతుంది. వడ్డాది పాత రాజధాని. ఒడ్డాది మత్స్య రాజుల ఊరు, 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం ఆ వంశానిదే. ఈ ఊరు ఇప్పుడు బుచ్చెయ్యపేట మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఊరి మీదుగా పోయే రోడ్డును జనం బి.ఎన్. రోడ్డు అంటారు, అంటే భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు. దాని రెండు కొసలూ కెనడా బాప్టిస్టు మిషను కేంద్రాలు. దక్షిణాన ఎలమంచిలి కూడా వాళ్ళదే. ఆంగ్లికన్ బిషప్పు పేరు చెప్పుకునే ఊరు ఈ దారి పొడవునా వెతకాల్సిందే.

ఇంగ్లండు నేపథ్యం

1612లో థామస్ హెల్విస్ అనే బాప్టిస్టు ఒక చిన్న పుస్తకం రాశాడు. రాజు కూడా మనిషేననీ, ప్రజల ఆత్మల మీద ఆయనకు అధికారం లేదనీ అందులో వాదించాడు. ఆ రాతకు న్యూగేట్ జైల్లో పెట్టారు, అక్కడే చనిపోయాడు. 1662లో ఏకరూపతా చట్టం వచ్చి, ప్రార్థనా గ్రంథాన్ని పూర్తిగా అంగీకరించని సుమారు 2,000 మంది బోధకుల ఉద్యోగాలు పోయాయి. 1689 సహన చట్టం ఆరాధన స్వేచ్ఛ ఇచ్చింది గాని సమాన హక్కులు ఇవ్వలేదు. త్రిత్వాన్ని నమ్మే ప్రొటెస్టంట్లు ప్రమాణాలు చేసి, ప్రార్థన ఇళ్ళు నమోదు చేయించుకుంటే వాళ్ళ జోలికి పోబోమన్నదే ఆ చట్టం సారం. కత్తోలికులకూ త్రిత్వాన్ని కాదన్నవాళ్ళకూ అదీ లేదు. ప్రభుత్వ పదవులకు అడ్డంగా ఉన్న టెస్టు, కార్పొరేషన్ చట్టాలు రద్దు కావడానికి 1828 దాకా ఆగాల్సి వచ్చింది.

విశాఖపట్నానికి వచ్చిన మొదటి మిషనరీలు ఈ రెండో తరగతి పౌరసత్వంలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ దేశంలో వాళ్ళు మేయరు కావాలన్నా, ఆక్స్‌ఫర్డులో చదవాలన్నా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. ఇక్కడి జనానికి మాత్రం వాళ్ళు దొరలు. ఆ తేడా గుర్తుంచుకోకుండా ఈ చరిత్ర చదివితే సగమే అర్థమవుతుంది.

1805: కోటలో ఆరాధన

1795లో లండన్‌లో ఒక మిషనరీ సంఘం ఏర్పడింది. 1818 నుంచి దాని పేరు లండన్ మిషనరీ సొసైటీ, మన వాడుకలో లండన్ మిషను. అందులో స్వతంత్ర సంఘాలవాళ్ళూ ప్రెస్బిటేరియన్లూ కొందరు ఆంగ్లికన్లూ కలిసి కూర్చున్నారు. అప్పటికి అదే పెద్ద వింత. మత దురభిమానానికి అంత్యక్రియలు జరుగుతున్నాయని డేవిడ్ బోగ్ అనే బోధకుడు ఆ సభలో సంబరపడ్డాడు. మరుసటి ఏడు మే నెలలో సొసైటీ ఒక మూల సూత్రం ఆమోదించింది. బిషప్పుల పద్ధతిని గాని, ప్రెస్బిటేరియన్ పద్ధతిని గాని, స్వతంత్ర సంఘ పద్ధతిని గాని విదేశాలకు మోసుకుపోకూడదు. సువార్త మాత్రమే చెప్పాలి. నమ్మినవాళ్ళు తమ సంఘాన్ని ఏ తీరున నడుపుకుంటారో వాళ్ళే తేల్చుకోవాలి. ప్రొటెస్టంట్ చరిత్రలో ఇంత ఉదారమైన తీర్మానాలు తక్కువ. అది అమలైన తీరు వేరే కథ.

ఆ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. నేరుగా కంపెనీ ఓడలో రాలేదు. డేనిష్ వాళ్ళ తరంగంబాడి మీదుగా మద్రాసు వచ్చి, అక్కడినుంచి ఇటు వచ్చారు. కంపెనీ భూభాగంలోకి మిషనరీలను రానివ్వడం అప్పటికి కంపెనీ విధానం కాదు. బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ బెంగాల్లో డేనిష్ సీరాంపూరులో స్థిరపడింది కూడా ఈ కారణంచేతే. అధికారిక చర్చికి బయట ఉన్నవాళ్ళంటే కంపెనీకి రెండింతల అనుమానం. మతం మారుస్తారన్నది ఒకటైతే, ఫ్రెంచి విప్లవం నాటి రోజుల్లో డిసెంటరంటే రాజద్రోహికి దగ్గరి చుట్టమన్న అభిప్రాయం మరొకటి.

విశాఖపట్నంలో జరిగింది మాత్రం వేరు. కోటలో ఉన్న ఇంగ్లీషు ఉద్యోగులకూ సిపాయి దళాల అధికారులకూ ఆదివారం ఆరాధన నడిపే మనిషి లేడు. ఈ ఇద్దరినీ ఆ పని చూడమన్నారు. అందుకు నెలనెలా ప్రభుత్వం కొంత జీతం కూడా ఇచ్చింది. ఇంగ్లండులో ఏ పారిష్ చర్చి వేదికా ఎక్కనివ్వని ఇద్దరు అసమ్మతులు, కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీ కోటలో అధికారిక మతాచార్యుల స్థానంలో నిలబడ్డారు. ఆంగ్లికన్ చాప్లిన్ దొరకని చోట సహనం దానంతట అదే పుట్టుకొచ్చిందన్న మాట. సిద్ధాంతం మారి వచ్చిన సహనం కాదు, మనిషి కొరతవల్ల వచ్చింది. అయినా వాళ్ళు కాదనలేదు. ఖజానా సొమ్ముతో నడిచే మతాన్ని ఒప్పుకోబోమనే సంప్రదాయంలో పెరిగినవాళ్ళు ఆ జీతం ఎలా తీసుకున్నారన్న ప్రశ్న తర్వాతి తరాలను వెంటాడింది. 1854 విద్యా తాఖీదు తర్వాత మిషను బడులు ప్రభుత్వ గ్రాంటు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ లేచింది. అదే కాలంలో ఇంగ్లండులో వాళ్ళ సోదర సంఘాలవాళ్ళు బడులకు ప్రభుత్వ సొమ్ము వద్దని ఉద్యమాలు నడుపుతున్నారు.

వీళ్ళతో చేరిన ఆనందరాయర్ బ్రాహ్మణుడు. కత్తోలిక గురువుల దగ్గర మొదలై, తరంగంబాడి లూథరన్ల మీదుగా విశాఖ అసమ్మతుల దగ్గరికి వచ్చాడు. యూరపులో మూడు శతాబ్దాలు ఒకరినొకరు తగలబెట్టుకున్న మూడు శాఖలను ఒక్క జీవితంలో చుట్టి వచ్చిన మనిషి. ఆయన సాయంతో డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయించాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు చేసిన మూడు సువార్తలు 1812లో సీరాంపూరులో, అంటే బాప్టిస్టుల ముద్రణాలయంలో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగు చేస్తే 1818లో మద్రాసులో ముద్రించారు.

ఇక్కడ క్లాడియస్ బుకానన్ పేరు చెప్పుకోవాలి. ఆయన కంపెనీ జీతం మీద బతికే ఆంగ్లికన్ చాప్లిన్. ఇండియాకు ఒక అధికారిక చర్చి ఏర్పాటు చెయ్యాలని, బిషప్పులను పంపాలని 1805లోనే పుస్తకం రాశాడు. అదే మనిషి 1811లో అచ్చయిన తన మరో పుస్తకంలో ఆనందరాయర్ గురించీ, విశాఖ అసమ్మతుల అనువాదం గురించీ మెచ్చుకుంటూ రాశాడు. అధికారిక చర్చి కావాలన్నవాడికి దాని అవసరం లేకుండానే జరిగిపోతున్న పని కళ్ళెదుట కనిపించింది.

కంపెనీ, బిషప్పు, అర్జీలు

1806లో వెల్లూరు తిరుగుబాటు జరిగింది. సిపాయిల తలపాగాల మార్పు, బొట్టు నిషేధం లాంటివి అసలు కారణాలైనా, నేరం మిషనరీల మీద కూడా మోపారు. 1808లో సిడ్నీ స్మిత్ అనే ఆంగ్లికన్ పాదిరీ ఎడిన్‌బరో పత్రికలో బాప్టిస్టు మిషనరీలను వెక్కిరించాడు. చెప్పులు కుట్టేవాళ్ళు మతం చెప్పడానికి బయల్దేరారన్నది అతని ఎకసెక్కెం. కేరీ పూర్వం చెప్పులు కుట్టినవాడు మరి. బాప్టిస్టు నాయకుడు ఆండ్రూ ఫుల్లర్ ఇలాంటి దాడులకు జవాబుగా రాసిన పుస్తకంలో ఒక వాదం గట్టిగా వినిపిస్తుంది: సహనమంటే ఎవరి మతం వాళ్ళు ఆచరించుకోవడమే కాదు, ఒకరి మతం ఒకరికి నెమ్మదిగా నచ్చజెప్పుకునే స్వేచ్ఛ కూడా. బలవంతం ఉండకూడదు, అంతే. ఆ వాదం ఇప్పటికీ తీరలేదు.

1813లో కంపెనీ పట్టా కొత్త చేసే సమయానికి ఇంగ్లండు ఊళ్ళ నుంచి వందల అర్జీలు పార్లమెంటుకు వెళ్ళాయి. వాటిలో పెద్ద భాగం అసమ్మత సంఘాలవే. ఫలితం రెండు రకాలుగా వచ్చింది. మిషనరీలకు అనుమతి పత్రాలు ఇచ్చే దారి తెరుచుకుంది. అదే చట్టం కలకత్తాకు ఏటా 5,000 పౌన్ల జీతం మీద బిషప్పునూ, 2,000 పౌన్ల చొప్పున ఆర్చ్‌డీకన్లనూ ఇచ్చింది. ఆ సొమ్ము ఇండియా రాబడుల నుంచే. గేటు తీయించినవాళ్ళు డిసెంటర్లు, లోపలికి పల్లకీలో వచ్చినవాడు బిషప్పు. 1835లో మద్రాసుకు ప్రత్యేక బిషప్పు వచ్చాడు. ఈ ఏర్పాటు 1927 ఇండియన్ చర్చి చట్టంతోనే రద్దయింది. 1930 నుంచి ఇండియాలో ఆంగ్లికన్ చర్చి కూడా మిగతా సంఘాల మాదిరే సొంత కాళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది.

ప్రభుత్వం ఏ మతం పక్షానా ఉండకూడదన్న మాట అసమ్మతులు మాత్రమే అనలేదు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి, ప్రభుత్వ యంత్రాంగం మిషనరీలకు వత్తాసు పలుకుతోందని లండన్‌కు అర్జీలు పంపాడు. మతం మారినవాడికి వారసత్వం పోకుండా కాపాడిన 1850 చట్టం ఆ అసంతృప్తికి ఒక కారణం. చిత్రమేమంటే, లక్ష్మీనరసు చెట్టి అడిగిన తటస్థతనే లండన్‌లో డిసెంటర్లు తమ ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. ఇద్దరికీ ఒకరి వాదం ఒకరికి నచ్చేది కాదు.

గ్రోవ్స్ ఉత్తరం

గోదావరి డెల్టాలో బ్రదరన్ సంఘాల పుట్టుక ఈ వివాదాల్లో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండులో ఎక్సెటర్ పట్టణంలో పళ్ళ డాక్టరు, మంచి రాబడి ఉన్నవాడు. ఆంగ్లికన్ మిషనరీగా వెళ్దామనుకుని, బిషప్పు దీక్ష లేని మనిషి ప్రభువు బల్ల, అంటే క్రీస్తు స్మరణగా పంచే రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వకూడదని తెలిసి వెనక్కి తగ్గాడు. నమ్మినవాళ్ళు నలుగురు కూడితే పాదిరీ లేకుండానే రొట్టె విరవవచ్చని తేల్చుకున్నాడు. బ్రదరన్ అని తర్వాత పేరుపడిన కదలికకు ఆద్యుల్లో ఆయనొకడు. బాగ్దాదులో కొన్నేళ్ళుండి, 1833లో ఇండియా వచ్చాడు. ఇక్కడ ఆయన చూసిన మొదటి పెద్ద తగాదా తిరునెల్వేలిలో రేనియస్‌ది. లూథరన్ దీక్ష పొంది ఆంగ్లికన్ సొసైటీలో పనిచేసిన ఈయన, బోధకులను దీక్షించే హక్కు బిషప్పుకే ఉందన్న నియమాన్ని ప్రశ్నించినందుకు 1835లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. గ్రోవ్స్ రేనియస్ పక్షం వహించాడు.

1836లో గ్రోవ్స్ రెండోసారి ఇండియాకు బయల్దేరాడు. ఈసారి డెవన్ జిల్లాలోని బార్న్‌స్టేపుల్ సంఘం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకుల కుటుంబాలు వెంట ఉన్నాయి. వీళ్ళకు సొసైటీ లేదు, నెల జీతం లేదు, దీక్ష లేదు. ఓడ ఎక్కబోయే ముందు మార్చి నెలలో గ్రోవ్స్ తన సహచరుడు జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. డార్బీ అప్పటికే బ్రదరన్‌లలో పెద్ద గొంతు. ఉత్తరంలోని సారం ఇది: మనం మొదట కూడింది సిద్ధాంతాలన్నీ ఒకటైనందుకు కాదు, అందరిలో ఒకే ప్రాణం ఉన్నందుకు. నువ్వు ఇప్పుడు ఎవరికెంత తెలుసో తూచి లోపలికి రానివ్వడం మొదలుపెట్టావు. ఇలాగే పోతే మనం వదిలి వచ్చిన చర్చిలకంటే ఇరుకైపోతాం. వాళ్ళలోని తప్పులను భరించడానికైనా సిద్ధమే గాని, వాళ్ళలోని మంచికి దూరం కాలేను.

ఈ ఉత్తరం సిరా ఆరిన కొద్ది నెలలకు వీళ్ళు మద్రాసులో దిగారు. బౌడెన్, బీర్‌ల పని తర్వాత నరసాపురం కేంద్రంగా స్థిరపడింది. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు, అక్కడ పోగైన వేల మంది కూలీల మధ్య బౌడెన్ బోధించాడు. డెల్టాలో మాల పల్లెల సంఘాలకు మూలాలు ఆ కూలి గుడిసెల్లో ఉన్నాయి. కాటన్‌కు గ్రోవ్స్ బాగ్దాదు నాటి నుంచే పరిచయం.

గ్రోవ్స్ భయపడ్డట్టే జరిగింది. 1848లో బ్రదరన్‌లు రెండుగా చీలారు. డార్బీ వర్గం తలుపులు మూసుకుంది. బ్రిస్టల్‌లో గ్రోవ్స్ బావగారు జార్జ్ ముల్లర్ ఉన్న వర్గం తలుపులు తెరిచి ఉంచింది. గోదావరి డెల్టా తెరిచి ఉంచినవాళ్ళ పక్షాన ఉండిపోయింది. అయితే తెలుగు పల్లెలో ఈ తేడా ఏమంత తెలిసేది కాదు. అక్కడ చూసేది ఒకటే: బల్ల దగ్గర కూర్చోనిచ్చారా లేదా. బాప్తిస్మం పొందలేదనో, వేరే కూడికకు వెళ్ళాడనో, ఇంట్లో పాత ఆచారం జరిపించాడనో మనిషిని కొన్ని వారాలు బల్లకు దూరం పెట్టడం బ్రదరన్ సంఘాల్లో ఇప్పటికీ మామూలే. దాన్ని క్రమశిక్షణ అంటారు. దూరం పెట్టబడినవాడు దాన్ని వెలి అంటాడు.

నీళ్ళ తగాదా

ఇక బాప్టిస్టులు. చంటిపిల్లలకు నీళ్ళు చిలకరిస్తే అది బాప్తిస్మం కాదనీ, నమ్మిన మనిషి తనంత తాను ఒప్పుకుని నీళ్ళలో మునగాలనీ వాళ్ళ పట్టుదల. మొదటిసారి వింటే చిన్న విషయంలా తోస్తుంది గాని, దాని వెనక ఉన్నది పెద్ద మాటే. పుట్టుకతో మతం రాదంటే, రాజ్యం పేరు చెప్పి మతం అంటగట్టడమూ కుదరదు. హెల్విస్ మొదలుకొని బాప్టిస్టులు సహనం కోసం అంత గట్టిగా వాదించడానికి మూలం ఈ నీళ్ళ సిద్ధాంతమే. అదే సిద్ధాంతం వాళ్ళను తోటి అసమ్మతుల నుంచి దూరం కూడా చేసింది. చిలకరింపు పొందిన లండన్ మిషను మనిషిని బాప్టిస్టు సంఘం బల్లకు పిలవడానికి వెనకాడేది.

తొలి రోజుల్లో పట్టింపులు ఇంత బిగియలేదు. అమెరికా బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగినప్పుడు ఆయనకు చోటిచ్చినవాళ్ళు లండన్ మిషనువాళ్ళే. డే కొన్నాళ్ళు శ్రీకాకుళంలో ఉండి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. పురుషోత్తమ చౌదరి కథ ఇంకా బాగా చెబుతుంది. గంజాం వైపు పుట్టిన ఈ బెంగాలీ బ్రాహ్మణ కుటుంబీకుడు 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర మునిగాడు. ఆయన తెలుగు కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చేరి లూథరన్లూ ఆంగ్లికన్లూ బాప్టిస్టులూ అందరి నోటా నిలిచాయి. బల్ల దగ్గర కలవనివాళ్ళు పాటలో కలిశారు. పాట రాసినవాడు ఎలా మునిగాడని ఎవరూ అడగలేదు.

కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను మొదలైందే ఒక తెలుగువాడి అసమ్మతి నుంచి. థామస్ గాబ్రియేల్ లూథరన్ల మధ్య పెరిగినవాడు, టెలిగ్రాఫ్ శాఖ ఉద్యోగి. ముంచుడు బాప్తిస్మమే సరైందని మద్రాసులో బాప్టిస్టుల్లో చేరాడు. ఉద్యోగం వదిలి, సొంత ఖర్చుతో కాకినాడలో సంఘం కట్టాడు. అప్పులపాలయ్యాక కెనడాకు కబురు వెళ్ళింది. 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ వచ్చి పని అందుకున్నాడు. గాబ్రియేల్ 1875 జనవరి మొదటి రోజున చనిపోయాడు. అప్పటికే సంఘాలున్న చోటికి మిషను వచ్చిందని చెప్పడమే న్యాయం, మిషను వచ్చి సంఘాలు కట్టిందనడం కాదు. 1875లో సముద్ర తీర కెనడా ప్రాంతాల బాప్టిస్టులు మరో జట్టుగా వచ్చి భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు పని పెట్టారు. రెండు జట్లూ 1912లో ఒక్క బోర్డు కిందికి వచ్చాయి.

లండన్ మిషను 20వ శతాబ్దం మొదట్లో విశాఖ సీమ నుంచి తప్పుకుని, తన పనిని కెనడా బాప్టిస్టులకు అప్పగించింది. విశాఖపట్నంలోని సి.బి.ఎం. (కెనడియన్ బాప్టిస్ట్ మిషన్) హైస్కూలు పేరులో ఆ మార్పు కనిపిస్తుంది. అంతకు నూరేళ్ళ ముందు లండన్‌లో చేసిన మూల సూత్రం ప్రకారం, సంఘం ఏ పద్ధతిలో నడవాలో నమ్మినవాళ్ళు తేల్చుకోవాలి. తేల్చింది మాత్రం బోర్డులు. అదే లండన్ మిషనుకు చెందిన కడప సంఘాలు 1947లో బిషప్పులున్న దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. ఒక తల్లి బిడ్డల్లో ఒకరు బాప్టిస్టు ఇంటికి, ఒకరు బిషప్పు ఇంటికి వెళ్ళారు.

బాప్టిస్టు తెలుగు శాఖ సముద్రం కూడా దాటింది. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘం జాన్ రంగయ్యను దక్షిణ ఆఫ్రికాలోని నటాల్‌కు పంపింది. తేయాకు, చెరుకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య ఆయన కియర్స్‌నీలో సంఘం పెట్టాడు.

పొలిమేరలు

మిషన్లు ఒకరి ఊళ్ళోకి ఒకరు రాకుండా పంపకాలు చేసుకున్నాయి. ఉత్తరాన కెనడా బాప్టిస్టులు, డెల్టాలో బ్రదరన్‌లు, కృష్ణలో ఆంగ్లికన్లు, గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు, నెల్లూరు ఒంగోలు వైపు అమెరికా బాప్టిస్టులు, జయపురం సాలూరు వైపు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ లూథరన్లు. దీన్ని సహనమనే పిలిచారు. నిజానికి అది పొలం గట్ల ఒప్పందం. దీని ఫలితంగా మనిషి ఏ శాఖవాడో అతని నమ్మకం కాక అతని ఊరు నిర్ణయించింది. చోడవరం తాలూకాలో పుట్టిన క్రైస్తవుడు బాప్టిస్టు, గుంటూరులో పుట్టినవాడు లూథరన్. పారిష్ సరిహద్దును కాదని పుట్టిన అసమ్మతి, తెలుగు దేశంలో పారిష్‌లాంటి సరిహద్దులనే గీసుకుంది. ఇంట్లో ఒకడు పనికి రాజమండ్రి వెళ్ళి అక్కడ చిలకరింపు సంఘంలో పిల్లను చేసుకున్నప్పుడే ఈ తేడాలు ఇంట్లోకి వచ్చేవి.

కులం విషయంలో మాత్రం శాఖల మధ్య నిజమైన భేదం ఉంది. మచిలీపట్నంలో ఆంగ్లికన్ రాబర్ట్ నోబుల్ తన బడిలో పై కులాల పిల్లలను నిలబెట్టుకోవడానికి కింది కులాలవాళ్ళను చేర్చుకోలేదు. బాప్టిస్టు, బ్రదరన్ సంఘాలు మాల మాదిగ పల్లెల్లో పెరిగాయి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలుంపల్లిలో అమెరికా బాప్టిస్టుల దగ్గర ఒక్క రోజులో 2,222 మంది మునిగారు. కరువు తర్వాతి రోజులవి. అన్నం కోసం వచ్చినవాళ్ళా, నమ్మి వచ్చినవాళ్ళా అన్న తర్కం అప్పుడే మొదలైంది.

1947, నంద్యాల

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బిషప్పులున్న చర్చి, బిషప్పులను వద్దన్న సంఘాలతో కలవడం ప్రపంచంలో అదే మొదటిసారి. బిషప్పు చెయ్యి పడని పాత పాదిరీలకు మళ్ళీ దీక్ష ఇవ్వకుండానే సమాన హోదా ఇచ్చారు. ఏ సంఘానికీ తనకు మనస్కరించని ఆరాధన పద్ధతిని గాని బోధకుణ్ణి గాని రుద్దబోమని హామీ ఇచ్చారు. 30 ఏళ్ళ సర్దుబాటు కాలం పెట్టుకున్నారు. బాప్టిస్టులూ బ్రదరన్‌లూ లూథరన్లూ ఇందులో చేరలేదు. విశాఖ సీమలో చాలా భాగం అలా ఐక్యతకు బయటే ఉండిపోయింది.

నంద్యాలలో కథ తిరగబడింది. అక్కడి ఆంగ్లికన్లలో ఒక పెద్ద భాగం ఐక్య సంఘంలో చేరబోమన్నారు. బిషప్పు దీక్ష లేని పాదిరీ ఇచ్చే బల్ల తమకు చెల్లదన్నారు. 1963లో వాళ్ళకు ప్రత్యేక డయాసిస్ ఏర్పడింది. 1975లో గాని దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. మూడు వందల ఏళ్ళు ఇతరులను అసమ్మతులన్న చర్చివాళ్ళు రాయలసీమలో తామే అసమ్మతులయ్యారు, మనస్సాక్షి స్వేచ్ఛ పేరు చెప్పి. వాళ్ళ వాదాన్ని తీసి పారెయ్యలేం. సహనం అడిగే హక్కు ఒకప్పటి పెత్తందారుకూ ఉంటుంది.

చర్చిలుగా కలవకపోయినా, 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదు చేరిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో బాప్టిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘ విద్యార్థులు ఒకే బల్ల ముందు చదువుకున్నారు.

సంఘాలే వద్దన్నవాళ్ళు

అసమ్మతికి అంతం ఉండదు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ మద్రాసులో 1941లో, హైదరాబాదులో 1950లో హెబ్రోను పేరుతో కూడికలు పెట్టి, మిషను శాఖలన్నీ మనుషుల కల్పనలన్నాడు. కోస్తా జిల్లాల మిషను సంఘాల్లోంచి జనం గుంపులుగా ఆయన కూడికలకు వెళ్ళారు. మిషను పెద్దలు దీన్ని గొర్రెల దొంగతనం అన్నారు. అంతకు వంద సంవత్సరాల ముందు బిషప్పులు వాళ్ళ తాతలను అన్న మాటే అది. ఏలూరులో 1935లో నమోదైన ఇండియన్ పెంతెకోస్తు సంఘం భాషల వరం, స్వస్థత అంటూ మరో దారి తెరిచింది. మునిపల్లెలో కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనమైందని చెప్పి, బాప్తిస్మమూ పాదిరీలూ చర్చీ అన్నీ అక్కరలేదన్నాడు. వేలాది మంది ఆయన దగ్గరికి స్వస్థత కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది హిందువులుగానే ఉండిపోయారు. హెల్విస్ వాదాన్ని దాని చివరి మెట్టు దాకా తీసుకుపోయినవాడు ఈ తెలుగువాడే అనిపిస్తుంది.

ఇవాళ బి.ఎన్. రోడ్డు మీద ప్రయాణిస్తే సిమెంటు రేకుల కప్పు, మైకు, గోడ మీద రంగు అక్షరాలతో సంఘం పేరు ఉన్న చిన్న ప్రార్థన మందిరాలు పల్లె పల్లెకూ కనిపిస్తాయి. పాస్టరు చాలాచోట్ల ఊరివాడే. ఏ సంఘాల సమాఖ్యకూ బద్ధుడు కాడు.

పెళ్ళి చట్టంలో మిగిలిన తేడా

అధికారిక చర్చి పోయినా దాని జాడ ఒక చోట చెక్కుచెదరకుండా ఉంది. 1872 ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజి చట్టం, 5వ సెక్షన్. క్రైస్తవ పెళ్ళి ఎవరు చేయించవచ్చో అది వరుసగా చెబుతుంది. మొదటివాడు బిషప్పు చేత దీక్ష పొందిన పాదిరీ. తన చర్చి నియమాలు పాటిస్తే చాలు, అతనికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. రెండోవాడు స్కాట్లాండు చర్చి పాదిరీ. మూడోవాడు ఈ చట్టం కింద లైసెన్సు పొందిన బోధకుడు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకోస్తు, ఇంటి సంఘాల పాస్టర్లు అందరూ ఈ మూడో వరుసలోనే. తర్వాత మ్యారేజి రిజిస్ట్రారు, చివర్న భారతీయ క్రైస్తవుల పెళ్ళి పత్రాలివ్వడానికి లైసెన్సున్న మనిషి. 1689 నాటి అంతస్తులే ఇక్కడ వరుసగా నిలబడి ఉన్నాయి: రాజు చర్చివాడికి హక్కు, అసమ్మతుడికి అనుమతి.

దీనికి ముందు పరిస్థితి ఇంకా అధ్వాన్నం. కంపెనీ రోజుల్లో డిసెంటరు బోధకుడు జరిపిన పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నదే అనుమానం. 1818లో స్కాట్లాండు చర్చివాళ్ళకు, 1851లో మిగతావాళ్ళకు పార్లమెంటు దారి చూపింది. 1872 చట్టం ఆ ముక్కలన్నిటినీ కలిపి కుట్టింది.

ఆ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా అమల్లో ఉంది. పల్లెలో సొంత చేతులతో మందిరం కట్టుకుని ఇరవై ఏళ్ళు సంఘం నడిపిన పాస్టరైనా పెళ్ళి చేయించాలంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చేతిలో ఉండాలి. లేకపోతే లైసెన్సున్న మరో శాఖ అయ్యగారిని పిలిచి పత్రం మీద సంతకం పెట్టించుకోవాలి. ముంచుడు, చిలకరింపు తేడాలు ఆ పూట పక్కకు పోతాయి. అధికారం లేకుండా పెళ్ళి జరిపించినవాడికి 68వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు పడవచ్చు.